మెట్లు దిగిన మర్నాడు తొడలకు కరెంటు పెట్టుకోవడం ఎలా

మంగళగిరి పానకాల స్వామి కొండకు కారు దారి ఉంది. మొక్కు మాత్రం మెట్ల మీద వస్తానని కాబట్టి మెట్లే ఎక్కాను. అక్కడితో ఆగకుండా పైన గండాలయ స్వామి దాకా వెళ్ళాను. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప ఇంకేమీ అనిపించలేదు. దిగేటప్పుడు పక్కన కుర్రాళ్ళు గెంతుకుంటూ పోతుంటే నాకూ పౌరుషం వచ్చింది. 47 ఏళ్ళు వచ్చాయన్న సంగతి కిందికి చేరేదాకా గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున బాగానే లేచాను. సాయంత్రానికి తొడలు బిగుసుకోవడం మొదలైంది. మూడో రోజు బాత్రూంలో కూర్చున్నవాణ్ణి కుళాయి పైపు పట్టుకుని లేవాల్సి వచ్చింది. పైపు ఊడి చేతికి రాలేదు, అదే పదివేలు.

విజయవాడ సూర్యారావుపేటలో మాకు తెలిసిన ఫిజియో ఒకావిడ ఉన్నారు. గోడ పట్టుకుని రెండు మెట్లు ఎక్కి ఆవిడ గదిలోకి వెళ్ళేసరికే విషయం ఆవిడకు అర్థమైపోయింది. "కొండ దిగారా, జిమ్‌లో చేరారా?" అని అడిగారు. చెప్పాను. "దీనికి మందు నాలుగు రోజులు ఆగడమేనండీ. ఈలోగా నడవడానికి వీలుగా కాస్త కరెంటు పెడతాను" అన్నారు.

కరెంటు పెట్టడం అంటే ఒంటికి జిగురు ప్యాడ్లు అంటించి, మెషిన్‌తో సన్నటి కరెంటు పంపడం. దాని గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఆవిడ అన్న ఆ ఒక్క మాటలో ఉంది. దానివల్ల కండ రెండు రోజులు ముందుగా బాగుపడదు. పోయిన బలం తొందరగా తిరిగి రాదు. నొప్పి కాసేపు తగ్గుతుంది, అంతే. ఆ కాసేపట్లో లేచి తిరగగలిగితే అదే లాభం. దీని మీద జరిగిన పరిశోధనల ఫలితాలు కూడా ఒక్క తీరుగా లేవు: కొన్నిట్లో నొప్పి తగ్గింది, కొన్నిట్లో పెద్ద తేడా కనిపించలేదు. ఇది తెలిసే నేను చిన్న మెషిన్ ఒకటి కొనుక్కున్నాను. ఇంట్లో దాన్ని ఎలా వాడుకోవాలో, నేను చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ముందు అది ఏ నొప్పో తేల్చుకోండి

కొత్త పని చేసిన రోజు కాకుండా మర్నాడు, ఆ మర్నాడు వచ్చే నొప్పి గురించే ఇక్కడ మాట్లాడుతున్నాం. సాధారణంగా 12 నుంచి 24 గంటల తర్వాత మొదలవుతుంది, రెండో మూడో రోజుల్లో బాగా ముదురుతుంది, వారం తిరిగేలోపు తగ్గిపోతుంది. రెండు కాళ్ళలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కదలకుండా కూర్చుంటే ఏమీ ఉండదు. లేవబోతే, నొక్కితే, సాగదీస్తే ప్రాణం తీస్తుంది.

మన దగ్గర చాలామంది దీనికి లాక్టిక్ ఆసిడ్ పేరు చెబుతారు. జిమ్‌లో కోచ్‌లు కూడా అదే అంటారు. అది వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఎల్లుండి నొప్పిని దాని ఖాతాలో వెయ్యడం కుదరదు. కండరం లోపల సన్నటి చిరుగులే దీనికి కారణం అయ్యుంటాయని థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే అన్నాడు. ఇప్పుడు చెప్పే కారణం కూడా దానికి దగ్గర్లోనే ఉంది: కండ సాగుతూ బరువు మొయ్యాల్సి వచ్చినప్పుడు లోపలి పోగులు దెబ్బతింటాయి, అక్కడ వాపు వస్తుంది, చుట్టూ ఉన్న నరాలు అతిగా స్పందిస్తాయి. మెట్లు దిగేటప్పుడు తొడ ముందు కండ చేసేది సరిగ్గా ఈ పనే. ఒళ్ళు ధబ్బున కింద పడకుండా ఒక్కో మెట్టు దగ్గరా బ్రేకు వేస్తూ సాగుతుంది. అందుకే ఎక్కడం ఆయాసం, దిగడం నొప్పి. గుణదల కొండయినా, ఇంద్రకీలాద్రి మెట్లయినా లెక్క ఇంతే. మెట్ల పూజకని ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టే ఆడవాళ్ళకు తొడల వెనకా, నడుమూ కూడా పట్టేస్తాయి.

ఇక కరెంటు జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు చూద్దాం. ఆడుతుండగానో పరుగెడుతుండగానో ఫట్‌మని శబ్దమై నొప్పి అక్కడికక్కడే మొదలైతే కండో, దాని కొసో తెగి ఉండొచ్చు. ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి, వెచ్చగా, ఎర్రగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నొప్పి కండలో కాకుండా కీలులో ఉంటే అది వేరే కథ.

అన్నిటికంటే ముఖ్యం మూత్రం రంగు. విపరీతమైన నొప్పి, కండ వాపు, నీరసం ఉండి మూత్రం టీ డికాక్షన్‌లానో కోలా డ్రింకులానో నల్లగా వస్తుంటే క్షణం ఆలస్యం చెయ్యకండి. కండ బాగా చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతున్నాయని దాని అర్థం కావచ్చు. అసలు అలవాటు లేనివాళ్ళు మొదటి రోజే వందల గుంజీలు తీసినప్పుడు, మండుటెండలో నీళ్ళు తాగకుండా కసరత్తు చేసినప్పుడు ఇలా జరుగుతుంది. నొప్పి బిళ్ళ వేసుకుని రేపు చూద్దాం అనుకోవద్దు. కొన్ని నొప్పి బిళ్ళలు ఆ కిడ్నీలకే ఇంకా భారం. తిన్నగా క్యాజువాలిటీకి వెళ్ళండి.

వీళ్ళు మెషిన్ పెట్టుకోకూడదు

గుండెకు పేస్‌మేకర్ గానీ అలాంటి ఏ కరెంటు పరికరం గానీ అమర్చినవాళ్ళు పెట్టుకోకూడదు. గర్భిణులు, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు, కాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. ఎవరైనా సరే మెడ ముందు భాగంలో, తల మీద, కళ్ళ దగ్గర, ఛాతీకి అడ్డంగా పెట్టకూడదు. పుండ్లు, దద్దుర్లు, అప్పుడే మానిన గాయాలు ఉన్నచోట కూడా వద్దు.

స్పర్శ తగ్గిన చర్మం మీద కూడా పెట్టకూడదు. మన జిల్లాల్లో షుగర్ లేని ఇల్లు వెతకాల్సిందే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా అమ్మకు 18 ఏళ్ళుగా షుగర్. నా మెషిన్ చూసి "అరికాళ్ళ మంటలకు నాకూ పెట్టరా" అంది. కళ్ళు మూసుకోమని పాదం మీద దూదితో తాకాను. "పెట్టావా?" అని అడిగింది. తాకి అప్పటికే అర నిమిషమైంది. స్పర్శ తెలియని చోట కరెంటు ఎంత పెరిగినా మనిషికి తెలియదు, చర్మం కాలినా తెలియదు. అందుకే ఎవరికి పెట్టే ముందైనా ఈ దూది పరీక్ష చెయ్యండి. దూది తాకిందో లేదో, చల్లటి గ్లాసు ఆనించారో వెచ్చటి గ్లాసు ఆనించారో చెప్పలేని చోట ప్యాడ్ అంటించొద్దు.

ఏ మెషిన్ కొనాలి

మెడికల్ షాపులో కన్నా సర్జికల్ షాపులో అడగండి. మూడు పేర్లు వినిపిస్తాయి.

టెన్స్ అన్నది నరాలకు పెట్టే కరెంటు. నొప్పి తగ్గించడానికి వాడతారు. ఈ పనికి మీకు కావాల్సింది అదే. ఈఎంఎస్ అన్నది కండనే బిగదీసి వదిలే కరెంటు. ఆపరేషన్ తర్వాతో, కట్టు విప్పాకో బక్కచిక్కిన కండకు బలం రావడానికి ఫిజియోలు వాడతారు. ఇప్పటికే నలిగి ఉన్న తొడకు దాన్ని గట్టిగా పెట్టడమంటే వాచిన చోటే మళ్ళీ గుద్దడం. గట్టి ఈఎంఎస్ వల్లే కొత్తగా ఇలాంటి నొప్పి తెచ్చుకునేవాళ్ళున్నారు. ఒళ్ళంతటికీ కరెంటు సూట్ వేసుకుని ఉత్సాహం కొద్దీ అతిగా చేసి, పైన చెప్పిన నల్ల మూత్రం దాకా వెళ్ళిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

మూడోది ఐఎఫ్‌టీ. క్లినిక్కుల్లో నాలుగు ప్యాడ్లో, గాలితో పీల్చి పట్టుకునే కప్పులో పెట్టి ఇచ్చేది ఇదే. 4,000 హెర్ట్జ్ దగ్గర్లో, అంటే సెకనుకు ఇంచుమించు 4,000 సార్లు కొట్టుకునే రెండు కరెంటులను కాస్త తేడాతో కత్తెరలా అడ్డంగా పంపుతారు. అవి లోపల కలిసిన చోట మనకు పనికొచ్చే తక్కువ ఫ్రీక్వెన్సీ పుడుతుంది. పెద్ద మెషిన్. ఇంటికి అక్కర్లేదు.

టెన్స్‌లో చూసుకోవాల్సినవి: రెండు చానెళ్ళు, నాలుగు ప్యాడ్లు ఉండాలి. ఒక్కో చానెల్‌కు విడిగా నాబ్ గానీ బటన్ గానీ ఉండాలి. టైమర్ ఉండాలి. ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు కొడుతుందో), పల్స్ వెడల్పు (ఒక్కో దెబ్బ ఎంతసేపు ఉంటుందో) అంకెల్లో కనిపించాలి. "మోడ్ 1, మోడ్ 2, మోడ్ 7" అని బొమ్మలు మాత్రమే ఉన్నవాటిలో ఏది ఏం చేస్తుందో అమ్మేవాడికీ తెలియదు. బ్యాటరీతో నడిచేదైతే మంచిది. చార్జింగ్‌దైతే ప్లగ్గులో ఉండగా ఒంటికి పెట్టుకోవద్దు. ఎగ్జిబిషన్లలో "సర్వరోగ నివారిణి" అని అమ్మే కరెంటు చెప్పుల జోలికి పోకండి. ఒకసారి వాటి మీద నిలబడ్డాను, తిమ్మిరి తప్ప ఏమీ మిగల్లేదు.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది

మంచం కోడు మోకాలికి తగిలితే మనం చేసే మొదటి పని అక్కడ రుద్దుకోవడం. రుద్దితే ఎందుకు తగ్గుతుంది? కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండ్‌కు చెందిన పాట్రిక్ వాల్ కలిసి 1965లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుంది. స్పర్శను మోసే లావు నరాల నుంచి సందేశాలు బాగా వస్తుంటే, నొప్పిని మోసే సన్న నరాలకు ఆ గేటు దగ్గర దారి తగ్గుతుంది. టెన్స్ చేసేది ఆ రుద్దే పనే, కాకపోతే చేత్తో కాకుండా కరెంటుతో. ఆ సిద్ధాంతంలో తర్వాత చాలా మార్పులు చేశారు గానీ, ఈ మెషిన్లు పుట్టింది మాత్రం ఆ ఆలోచనలోంచే.

ఇది అర్థమైతే రెండు సంగతులు వాటంతటవే తెలిసిపోతాయి. రుద్దడం ఆపితే నొప్పి మళ్ళీ వచ్చినట్టే, మెషిన్ ఆపాక కాసేపటికి నొప్పి తిరిగి వస్తుంది. నాకు ఆపాక అరగంట నుంచి గంట దాకా తేలిగ్గా ఉంటుంది. రెండోది, అరచేయి ఆనించినంత మెల్లగా రుద్దితే లాభం లేనట్టే, కరెంటు మరీ తక్కువ పెట్టినా లాభం లేదు.

పెట్టుకునే ముందు

తల దగ్గర ఫోన్ చార్జర్, పక్కన నీళ్ళ బకెట్ లేని చోట కూర్చోండి. ఫ్యాన్ కింద ఓ పది నిమిషాలు కూర్చుని చెమట ఆరాకే మొదలుపెట్టండి. మే నెలలో బెజవాడలో ఇది చెప్పినంత తేలిక కాదు. చెమట మీద ప్యాడ్ సరిగ్గా అంటుకోదు. సగం ఊడిన ప్యాడ్‌లో కరెంటంతా మిగిలిన కాస్త చోటునుంచే పోయి సూదులతో పొడిచినట్టుంటుంది.

చర్మాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి. నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఒళ్ళు నొప్పులని మా ఆవిడ నువ్వుల నూనె వెచ్చచేసి తొడలకు మర్దన చేసింది. హాయిగా ఉంది. ఆ హాయిలోనే ప్యాడ్లు అంటించాను. అంటలేదు. టవల్‌తో పైపైన తుడిచి మళ్ళీ అంటించి, ఏమీ తెలియడం లేదని నాబ్ పెంచుతూ పోయాను. అర నిమిషానికి ఒక మూల జిల్లుమని కొరికినట్టయింది. తీసి చూస్తే రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. ఆ ప్యాడ్ల జత నూనె తాగి పనికిరాకుండా పోయింది. మర్దన చేయించుకోవద్దని కాదు, ఈ నొప్పికి మర్దన నిజంగా మంచిదే. పరిశోధనల్లో కరెంటు కన్నా దానికే మంచి మార్కులు పడ్డాయి. కాకపోతే కరెంటు ముందు, నూనె తర్వాత.

బామ్‌లు, నొప్పి జెల్‌లు కూడా అంతే. మంట పుట్టించే బామ్ రాసిన చోట ప్యాడ్ అంటిస్తే మంట రెట్టింపవుతుంది. తొడల మీద వెంట్రుకలు ఎక్కువుంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించండి. అప్పటికప్పుడు బ్లేడుతో గీస్తే ఆ చర్మం చురుక్కుమంటుంది.

ప్యాడ్లు ఎక్కడ అంటించాలి

మెషిన్ ఆపి ఉండగానే, నాబ్‌లు సున్నా మీద ఉన్నాయని చూసుకున్నాకే ప్యాడ్లకు వైర్లు తగిలించి ఒంటికి అంటించండి. ఒక చానెల్‌లోని రెండు ప్యాడ్లూ ఒకే కండ మీద, నొప్పి వాటి మధ్య ఉండేలా పెట్టాలి. రెండింటి మధ్య కనీసం రెండు వేళ్ళ ఎడం ఉండాలి. ఒకదాన్నొకటి తాకితే కరెంటు కండలోకి పోకుండా ప్యాడ్ నుంచి ప్యాడ్‌కే పోతుంది.

తొడ ముందు భాగానికి: కూర్చుని కాలు చాపండి. మోకాలి చిప్పకు బెత్తెడు పైన, కాస్త లోపలి వైపు ఒక ప్యాడ్. గజ్జ మడతకు జానెడు కింద, కాస్త బయటి వైపు రెండోది. రెండో చానెల్‌ను రెండో తొడకు అలాగే పెట్టండి. నొప్పి ఎక్కడ ఎక్కువుందో వేలితో నొక్కి చూసి అటూ ఇటూ ఒక వేలెడు జరుపుకోవచ్చు, ఇంచి టేపు అక్కర్లేదు.

పిక్కలకు: బోర్లా పడుకుంటే తేలిక. మోకాలి వెనక మడతకు బెత్తెడు కింద ఒకటి, పిక్క కండ సన్నబడే చోట ఇంకొకటి. సరిగ్గా మోకాలి వెనక గుంటలో పెట్టకండి. మీ చెయ్యి అందకపోతే ఇంట్లోవాళ్ళను పిలవండి. నేను ఒంటరిగా ప్రయత్నించి పిక్కకు బదులు సోఫా గుడ్డకు అంటించాను.

తొడ వెనక: పిరుదు మడతకు బెత్తెడు కింద ఒకటి, మోకాలి మడతకు జానెడు పైన ఒకటి.

జబ్బలకు: భుజం కీలుకు కింద, కండ మొదలయ్యే చోట ఒకటి, మోచేతి మడతకు మూడు వేళ్ళ పైన ఒకటి. ఒక చెయ్యి అయ్యాక రెండో చెయ్యి. కుడి చేతి మీద ఒక ప్యాడు, ఎడమ చేతి మీద దాని జత ఎప్పుడూ పెట్టకండి. కరెంటు గుండె మీదుగా పోతుంది.

నడుముకు: వెన్నెముకకు అటొకటి ఇటొకటి, కండ మీద. ఎముక మీద కాదు.

నాబ్ ఎంత తిప్పాలి

అంకెలు పెట్టగలిగే మెషిన్ అయితే ఫ్రీక్వెన్సీ 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, పల్స్ వెడల్పు 100 మైక్రోసెకన్ల దగ్గర పెట్టండి. మోడ్‌లకు బి, ఎన్, ఎం అని అక్షరాలుంటే ఎన్‌తో మొదలుపెట్టండి. టైమర్ మొదటి రోజు 15 నిమిషాలు, అలవాటయ్యాక 20 నుంచి 30.

ఇప్పుడు మెషిన్ ఆన్ చేసి ఒక చానెల్‌నే మెల్లగా పెంచండి. మొదట ఏమీ తెలియదు. తర్వాత చీమలు పాకినట్టు చిమచిమలాడుతుంది. ఇంకాస్త పెంచితే ఆ చిమచిమ ప్యాడ్ల కింద మాత్రమే కాకుండా రెండింటి మధ్యా పరుచుకుంటుంది. గట్టిగా తెలుస్తుంది, అయినా హాయిగానే ఉంటుంది. అదే మీకు కావాల్సిన చోటు. ఇంకో గీత తిప్పితే కండ బిగుసుకుంటుంది, మోకాలి చిప్ప పైకి లాగినట్టవుతుంది. అక్కణ్ణించి రెండు గీతలు వెనక్కి రండి. తర్వాత రెండో చానెల్. ఎడమ తొడకు 4 సరిపోతే కుడి తొడకు 5 కావాల్సి రావచ్చు. కంగారు పడకండి.

ఐదారు నిమిషాలకు ఏమీ తెలియనట్టనిపిస్తుంది. మెషిన్ పాడవలేదు, నరాలకు అలవాటైందంతే. ఒక్క గీత పెంచండి. ఎం మోడ్ ఉంటే అది తనంతట తాను ఎక్కువ తక్కువలు చేస్తూ ఈ అలవాటు పడడాన్ని కొంత తగ్గిస్తుంది. నాకు ఎం కాస్త చిరాకు, అలల్లా వచ్చిపోతుంటుంది. మా తమ్ముడికి అదే ఇష్టం.

ఎక్కువ పెడితే ఎక్కువ గుణం అన్న లెక్క ఇక్కడ లేదు. "ఓర్చుకోగలను" అని పళ్ళు బిగపట్టి కూర్చోవడంలో అర్థం లేదు. మంట, పొడుపు వస్తే వెంటనే సున్నాకు తిప్పి, ప్యాడ్ ఊడిందేమో చూడండి.

తక్కువ ఫ్రీక్వెన్సీ పద్ధతి ఇంకొకటుంది: 2 నుంచి 4 హెర్ట్జ్, పల్స్ వెడల్పు 200 మైక్రోసెకన్లు. కండ టపటపమని చిన్నగా ఎగురుతుంది. ఒంట్లోనే పుట్టే నొప్పి నివారక పదార్థాలు దీనివల్ల విడుదలవుతాయని చెబుతారు. నొప్పి ముదిరిన రోజుల్లో ఆ టపటప నాకు అస్సలు పడలేదు. నాలుగో రోజుకు బాగానే అనిపించింది. ముందు మొదటి పద్ధతే చూడండి.

కరెంటు నడుస్తుండగా నిద్రపోవద్దు, వంటింట్లో గిన్నెలు తోమొద్దు, బండి నడపొద్దు. నాబ్ సున్నాకు తెచ్చి, మెషిన్ ఆపి, ఆ తర్వాతే ప్యాడ్లు తియ్యండి. నాబ్ తిప్పి ఉండగా ప్యాడ్ లాగితే వేళ్ళు జివ్వుమంటాయి. చెబితే విననివాళ్ళు ఒకసారి చేసి చూస్తారనుకోండి.

ఆపాక ఏం చెయ్యాలి

లేవండి. ఈ గైడు మొత్తంలో ఎవరూ చెయ్యని మెట్టు ఇదే. కరెంటు పెట్టించుకుని, హాయిగా ఉందని అలాగే పడుకుండిపోతారు. గంటకు నొప్పి తిరిగి వస్తుంది, మెషిన్ పనిచెయ్యలేదంటారు. చెప్పులు ముందే గుమ్మం దగ్గర పెట్టుకోండి. నేను కృష్ణలంక నుంచి రాజీవ్ గాంధీ పార్కు వైపు, ఎండ తగ్గాక, చదునుగా ఉన్న దారిలో నడిచాను. మొదటి రోజు పది నిమిషాలే. వెనక్కి వచ్చేసరికి తొడల్లో బిగువు సగం సడలింది. బ్యారేజీ దాకా పోదామని మనసు లాగింది గానీ వెళ్ళినంత దూరం తిరిగి రావాలి కదా.

నడక, మెల్లగా సైకిల్ తొక్కడం, ఈత: ఇంతే. నొప్పి తెలియడం లేదని మళ్ళీ గుంజీలు, బరువులు మొదలుపెట్టకండి. నొప్పి కనిపించకపోయినా కండ బలం ఇంకా తక్కువగానే ఉంటుంది, అడుగు తడబడుతుంది. బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు ఆటకు ముందు టెన్స్ పెట్టుకుని దిగడం చూశాను. ఆ పని మాత్రం చెయ్యకండి.

రోజుకు ఎన్నిసార్లంటే, రెండు మూడుసార్లు, మధ్యలో రెండు మూడు గంటల ఎడంతో. తీసిన ప్రతిసారీ చర్మం చూసుకోండి. లేత ఎరుపు గంటలోపు పోతే ఫర్వాలేదు. దురద, పొక్కులు వస్తే మీ చర్మానికి ఆ జిగురు పడలేదన్నమాట. ఆ ప్యాడ్లు వదిలెయ్యండి.

క్లినిక్‌కు వెళ్ళాలనుకుంటే

గుంటూరులో కొత్తపేట, విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట వైపు వీధికి రెండు ఫిజియోథెరపీ బోర్డులు కనిపిస్తాయి. మెషిన్ కొనే ముందు ఒక్క సిట్టింగ్ అక్కడ తీసుకుంటే ఆ చిమచిమ ఎలా ఉండాలో తెలుస్తుంది, ఇంట్లో భయం ఉండదు. ప్యాడ్లు ఎక్కడ అంటించారో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్పాంజి ప్యాడ్లయితే సరిగ్గా తడిపారో లేదో చూడండి, పొడి స్పాంజి కూడా కొరుకుతుంది.

మా తమ్ముడు జిమ్‌లో చేరిన మూడో రోజు వేరే ఒక చోటికి వెళ్తే, పది సిట్టింగ్‌ల ప్యాకేజీ తీసుకోమన్నారట. ముందే కడితే తగ్గింపు కూడా అన్నారట. వారంలో దానంతటదే పోయే నొప్పికి పది సిట్టింగ్‌లు! ఎనిమిదో రోజుకు నొప్పే ఉండదు, ఇక కరెంటు దేనికి పెట్టించుకోవాలి? ఒకవేళ ఎనిమిదో రోజుకూ ఉందంటే అది ఈ నొప్పి కాకపోవచ్చు, అప్పుడు కావాల్సింది ప్యాకేజీ కాదు, పరీక్ష. వాడు తెలివిగా ఒకటే తీసుకుని వచ్చేశాడు.

మళ్ళీ కొండెక్కాల్సి వస్తే

ఒకసారి ఇలా నలిగిన కండ, రెండు మూడు వారాల్లో అదే పని మళ్ళీ చేస్తే అంతగా నొప్పి పెట్టదు. దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. మొక్కు రోజుకు రెండు వారాల ముందు ఇంటి మేడ మెట్లు నాలుగైదుసార్లు మెల్లగా దిగండి. ఎక్కడం గురించి పట్టించుకోకండి, లిఫ్ట్ ఉంటే పైకి లిఫ్ట్‌లోనే వెళ్ళండి. దిగడమే సాధన. మర్నాడు కాస్త నొప్పి వస్తుంది, రానివ్వండి. గుణదల తిరునాళ్ళకు ఫిబ్రవరిలో వెళ్దామని మా ఆఫీసులో ఒకాయన అంటే జనవరి చివర్లోనే మా అపార్ట్‌మెంట్ మెట్లు మొదలుపెట్టాను. వాచ్‌మన్ రెండు రోజులు చూసి "లిఫ్ట్ పనిచేస్తోంది సార్" అన్నాడు.

ప్యాడ్ల సంగతి

మెషిన్ ఏళ్ళ తరబడి ఉంటుంది, ప్యాడ్లు ఉండవు. జాగ్రత్తగా వాడితే ఒక జత 20, 30 సార్లు వస్తుంది. తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగకుండా అంచు పట్టుకుని తియ్యండి. వచ్చిన ప్లాస్టిక్ షీటు పారెయ్యకుండా మళ్ళీ దానికే అంటించి, జిప్ కవర్లో పెట్టండి. జిగురు ఎండినట్టుంటే వేలి కొసతో ఒక్క నీటి చుక్క రాసి రెండు నిమిషాలు ఆగితే మళ్ళీ పట్టు వస్తుంది. రెండో జతను నేను ఏప్రిల్‌లో స్కూటర్ డిక్కీలో మరిచిపోయాను. సాయంత్రానికి జిగురు పాకంలా కారి వైర్లకు చుట్టుకుంది. నెల రోజుల పాటు వాడరనుకుంటే బ్యాటరీ కూడా తీసి పెట్టండి, లీకైతే మెషిన్ పోతుంది.

ఇంట్లో ఎవరైనా అడిగితే దూది పరీక్ష చేసి మెషిన్ ఇవ్వండి గానీ ప్యాడ్లు ఎవరివి వాళ్ళకే ఉండాలి. మా అమ్మ నడుముకు ఇప్పుడు వేరే జత ఉంది, కవరు మీద స్కెచ్ పెన్నుతో "అమ్మ" అని రాసి పెట్టాను. పాదాల మంటలకు మాత్రం షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.